ఏడో బండి

అంగారక గ్రహం మీద మా అక్కా నేనూ ఏడాదికి పైగా ప్రయాణం చేశాం. వారానికి మూడు మధ్యాహ్నాలు, మధ్యాహ్నానికి నాలుగేసి గంటలు. సియాల్దా దగ్గర ఒక సందులో, మొదటి అంతస్తులో డయాలిసిస్ సెంటర్. అక్క మంచం కిటికీ పక్కన, నాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. నేను కదిలినప్పుడల్లా టక్కుమనేది. వెళ్ళడం, కూర్చోవడం, రావడం. ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే ఇంతకన్నా ఏం చెప్పాలో నాకు తెలియదు. బాధపడ్డావా అంటారు. లేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉండేవాణ్ణి.

మాది హౌరా పక్కన లిలువా. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న టికియాపారా దగ్గర సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగాడు. అక్క ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. నేను గంగ అవతల డల్హౌసీలో ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాను. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. నాకెందుకు కాలేదో చెప్పలేను గానీ అక్కకు కారణం ఉంది. జాతకంలో కుజదోషం. వచ్చిన సంబంధమల్లా ఆ మాట దగ్గరే ఆగిపోయేది. ఆ దోషం సంగతి పదహారేళ్ళకే తెలిసి, కాలేజ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో కుజుడి గురించి ఒక బెంగాలీ నవల కనిపిస్తే కొనుక్కొచ్చింది.

"ఆ కుజుడు అంత దుర్మార్గుడేటో, ఒకసారి సూసొద్దాం," అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

ముందు అట్ట చిరిగిపోయింది. రాసినవాడి పేరు లేదు. మనుషులు భూమి నుంచి వెళ్ళి అంగారకుడి మీద ఊరు కట్టుకుంటారు. ఉత్తరాన చదును నేల మీద కట్టిన ఆ ఊళ్ళో నీళ్ళు అయిపోతాయి. దక్షిణాన ఎత్తయిన రాతి నేల, గుంటలు, లోయలు. అదంతా దాటితే ఒక పెద్ద గుంటలో మంచు ఉందట. అక్కడ కొత్త ఊరు కట్టుకుందామని ఏడు బండ్లు బయల్దేరతాయి. కథ అంతే. అక్క కళ్ళు బెంగాలీ అక్షరాల మీద పరిగెత్తేవి, నోట్లోంచి మా ఇంటి తెలుగు వచ్చేది. ఆవిడ నోట్లో పడ్డాక ఆ బండ్ల నాయకుడు మా క్వార్టర్స్ పక్క మేస్త్రీలాగే తిట్టేవాడు, పొద్దున్నే చద్దన్నం తినేవాడు. నేను నమ్మేవాణ్ణి.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. రైలు స్టేషన్ దాటితే, ఇంజను వెళ్ళిపోయింది కదా అని బండి వెళ్ళిపోయినట్టు కాదు. చివరి పెట్టె వెనక ఎల్వీ అని రాసిన చిన్న పలక వేలాడుతుంది. లాస్ట్ వెహికల్, అంటే ఆఖరి బండి అని గుర్తు. అది కళ్ళతో చూశాకే బండి మొత్తం వచ్చిందని లెక్క. చూడకపోతే దారిలో ఎక్కడో పెట్టెలు తెగి ఆగిపోయి ఉండొచ్చు, వెనకొచ్చే బండి వాటిని గుద్దుకోవచ్చు. నాన్నకు అన్నం క్యారియర్ తీసుకెళ్ళిన రోజుల్లో నేను చూసేవాణ్ణి. గూడ్సు బండి వస్తుంటే నాన్న ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కిటికీ దగ్గర నిలబడేవాడు. ఆ పలక కనిపించాకే ముద్ద నోట్లోకి.

ఇంట్లోనూ అదే పద్ధతి. దసరాకి పూజ పందిళ్ళు చూడ్డానికి వెళ్ళినా, హౌరా స్టేషన్‌లో దిగినా నాన్న ముందు, అమ్మ, నేను, అందరికన్నా వెనక అక్క. పెద్దది కాబట్టి ఎల్వీ ఆవిడే. ఇల్లు చేరాక నాన్న తలుపు పట్టుకుని నిలబడి అడిగేవాడు, "ఎల్వీ వచ్చిందేటి?" అక్క గడప దాటి "వచ్చింది నాయనా" అనేది. అప్పుడు గడియ పెట్టేవాడు. నాన్నా అమ్మా పోయాక కూడా అక్క ఆ మాట మానలేదు. కూరల సంచీతో మెట్లెక్కి వచ్చి, "ఎల్వీ వచ్చింది, తలుపెయ్యి" అనేది. నేను వేసేవాణ్ణి.

అక్క కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసినప్పుడు నాది ఇస్తానన్నాను. నాకూ షుగర్ ఉంది, పనికిరాదన్నారు. ఇక మిషనే దిక్కు. మంగళ, గురు, శనివారాలు. చేతిలో రెండు సూదులు. రోజుకు ఒక చిన్న సీసాడు నీళ్ళు, అంతకన్నా తాగకూడదు. మానేస్తే ఏమవుతుందని అక్కే డాక్టర్ని అడిగింది. వారమో పది రోజులో అన్నాడాయన, అడ్రసు చెప్పినంత మామూలుగా.

రెండో నెలలో ఒక మంగళవారం అక్క చీర మార్చుకోలేదు. మంచం మీద అలాగే కూర్చుంది.

"నాను రాను," అంది.

"ఏమైంది?"

"ఏటవుద్ది. రెండు సూదులు, నాలుగ్గంటలు. మల్లీ ఎల్లుండి. మల్లీ ఎల్లుండి. ఒక ఊరు సేరేదేటి, పాడేటి? గానుగెద్దు బతుకు."

"డాక్టర్ చెప్పాడు కదా అక్కా."

"సెప్పడానికి ఆయనకేటి. పొడిపించుకునేది నాను."

ఆ గదిలో ఏసీ చలికి ఆవిడకు స్వెటర్ కావాలి. వస్తుందిలే అన్నట్టు నేను రేకు పెట్టెలో స్వెటర్ వెతకడం మొదలుపెట్టాను. దాని అడుగున ఆ పుస్తకం కనిపించింది. తీసి చూపించాను. అక్క చాలాసేపు దాన్ని చూసింది.

"నేను చదువుతాను, నువ్వు విను," అన్నాను. "రా."

"ఆ బండ్లు ఊరు సేరేదాకా వస్తాను," అంది చివరికి. "సేరినాక నన్ను బలవంతం సెయ్యకూడదు. మాట?"

"మాట."

అలా మొదలైంది. లిలువా నుంచి హౌరాకి లోకల్, అక్కడ మెట్రో. గంగ కింద నుంచి సొరంగంలో పోతుంటే కిటికీ బయట నీలం దీపాలు వెలిగేవి. "ఇదే కుజుడిలాగుంది," అనేది అక్క. సెంటర్లో సూదులు గుచ్చడం అయ్యాక నేను పుస్తకం తెరిచేవాణ్ణి. బెంగాలీ చూసి తెలుగులో చదివేవాణ్ణి, చిన్నప్పుడు ఆవిడ చదివినట్టే. ఆవిడంత బాగా కాదు. మిషన్ చూసే అమ్మాయి బజ్‌బజ్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. మా భాష ఆ పిల్లకు అర్థం కాదు. అయినా మూడో వారానికల్లా అక్క చేతికి పట్టీ కడుతూ, పిన్నిని పిలిచినట్టు "మాషీమా, బండ్లు ఎందాకా వచ్చాయి?" అని బెంగాలీలో అడగడం నేర్చుకుంది.

రెండు నెలలు చదివాను. ఒక మధ్యాహ్నం, బండ్లన్నీ ఒక లోయ అంచున ఆగి ఉన్నాయి, మూడో బండి చక్రం విరిగింది. పేజీ తిప్పాను. అవతల వెనక అట్ట, దాని లోపల 'మొదటి భాగం సమాప్తం' అని అచ్చు.

ఆ తర్వాతి కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. లోయ దాటతారు, గుంట చేరతారు, అక్కడ అందరికీ టీ ఇస్తారు. నేను విన్నాను. కానీ పుస్తకంలో లేదు. ఎప్పుడూ లేదు. ఆ సగం కథా పదహారేళ్ళ మా అక్క అట్టను చూస్తూ చెప్పిందన్నమాట. యాభై ఏళ్ళ తర్వాత ఆ కుర్చీలో కూర్చుని అది తెలుసుకున్నాను. తలెత్తాను. అక్క కళ్ళు మూసుకునే ఉంది.

"ఆగిపోనావేటి?" అంది. "సదువు."

అట్టనే చూస్తూ చదివాను. పుస్తకం అయిపోయిందని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని నాకు తెలుసు. ఆ సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాకు కొండలు తెలియవు. పుట్టింది, పెరిగింది బల్లపరుపు నేల మీద. ఊరికి పోతున్నప్పుడు సోంపేట దాటాక రైలు కిటికీలోంచి కనబడే కొండలు కొన్ని తెలుసు. వాటినే తెచ్చి అంగారకుడి మీద వరసగా పెట్టాను. ఎర్ర దుమ్ము పోశాను. ఒక కొండ ఎక్కితే ఇంకో కొండ, ఒక లోయ దిగితే ఇంకో లోయ. ఊరు దగ్గర పడుతుందనిపించినప్పుడల్లా ఒక దుమ్ము తుఫాను తెచ్చి వారం ఆపేవాణ్ణి. ఆఫీసులో ఫైళ్ళు ముందేసుకుని తర్వాతి కొండ ఎక్కడ పెట్టాలా అని ఆలోచించేవాణ్ణి. ఒకసారి కథ తట్టక వాన కురిపించి బండ్లను బురదలో దించాను.

అక్క ఒక కన్ను తెరిచింది. "అక్కడ వానెక్కడిదిరా, ఎదవా. నీల్లు లేకే కదా ఈల్ల తిప్పలు. నువ్వు హౌరా మైదాన్ దగ్గర వాననీల్లల్లో ఇరుక్కున్నట్టున్నావు."

"కలగన్నారు," అన్నాను. "నిజం వాన కాదు."

"అలగైతే సరే," అని కన్ను మూసుకుంది.

బండ్లలో మనిషికి రోజుకు ఇన్ని నీళ్ళని వంతు ఉండేది. అక్క అది రోజూ అడిగేది. "ఈయాల ఎంత పోసినారు?" నాకు జాలేసి ఒకసారి రెండు గ్లాసులన్నాను. "అంత పొయ్యకు," అంది. "ఊరు సేరేసరికి సాలవు." తన సీసాలో కూడా ఎప్పుడూ రెండు గుక్కలు మిగిల్చేది.

అలా నెలలు గడిచాయి. మనసులో ఏమీ ఉండేది కాదు. మిషన్ తిరిగేది, గొట్టాల్లో రక్తం తిరిగేది, నేను కొండలు పెట్టేవాణ్ణి. సందు చివర మరమరాల ఝాల్‌ముడీ కొనుక్కుని తినేవాణ్ణి. ఉప్పు తెలిసేది, కారం తెలిసేది. అంతకు మించి ఏమీ తెలిసేది కాదు.

పూజ అయిపోయి పందిళ్ళ వెదుర్లు విప్పుతున్న రోజుల్లో ఒక గురువారం. మొదటి సూది సరిగ్గా పడలేదు. చేయి వంకాయలా ఉబ్బింది. ఆ అమ్మాయి రెండుసార్లు క్షమించమని, మూడోసారి గుచ్చింది. గంట గడవకుండానే అక్క బీపీ పడిపోయింది. పిక్కలు పట్టేశాయి. నేను కాళ్ళు నొక్కుతూ కూర్చున్నాను. ఆవిడ ఏడవలేదు, పళ్ళు బిగించుకుంది. చాలాసేపటి తర్వాత, "ఇంకా ఎంత దూరంరా," అంది. అడిగినట్టు లేదు ఆ మాట. అలసిపోయి పైకప్పుతో అన్నట్టుంది.

ఇంకో కొండ పెట్టొచ్చు. ఎన్ని పెట్టలేదు? కానీ ఆ రోజు నాకు కొండ దొరకలేదు. నిజం చెప్పాలంటే వెతకలేదు. ఆవిడ చేయి చూశాను, పుస్తకం తెరిచాను, బండ్లను వాలు దింపేశాను. మొదట నాయకుడి బండి. తర్వాత నీళ్ళ బండి, తిండి బండి, పనిముట్ల బండి, పిల్లల బండి, మందుల బండి. గుంట అడుగున మంచు మెరిసింది. గుడారాలు వేశారు, అందరికీ టీ ఇచ్చారు. ఊరు చేరిపోయారు అని చెప్పి పుస్తకం మూసేశాను.

మూయడమంటే ఏమిటో నాకు తెలుసు. మాటిచ్చింది నేనే. అప్పుడు నాకు దుఃఖం కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. హమ్మయ్య అనిపించింది. ఇక ఈ కుర్చీలో కూర్చోనక్కర్లేదు అనిపించింది. సొంత అక్క మంచం పక్కన కూర్చుని అలా అనుకున్నాను.

తిరిగొచ్చే మెట్రోలో అక్క నీలం దీపాలు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంది. లిలువాలో దిగి ఇంటికొచ్చాం. రెండో అంతస్తు. నేను సంచీ పట్టుకుని ముందెక్కి, తాళం తీసి, లోపలికెళ్ళి ఫ్యాన్ వేశాను. అక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. గడప దాకా వచ్చి ఆగింది. లోపలికి రాలేదు.

"ఏడో బండేదిరా?" అంది.

"ఏ ఏడో బండి?"

"బయల్దేరింది ఏడు. మొదట్నించీ ఏడే. నువ్వు దింపింది ఆరు. నాను లెక్కెట్టినాను."

మనసులో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. నాయకుడు, నీళ్ళు, తిండి, పనిముట్లు, పిల్లలు, మందులు. ఆరే.

"మరిచిపోయాను," అన్నాను.

"కేబిన్‌మేన్ కొడుకువి. ఎల్వీ సూడకుండా బండొచ్చీసిందని సెప్పీసినావు. నాయనుంటే సెంప పగలగొట్టీవోడు." గోడకు చేయి ఆనించి ఊపిరి తీసుకుంది. "సదవేస్తే ఉన్న మతి పోనాదట. ఆఖరి బండి రాలేదు. రానప్పుడు ఊరు సేరినట్టు కాదు."

నేను చేతిలో సంచీ కింద పెట్టాను.

"ఎల్లుండి ఆ మందం స్వెటర్ తియ్యి," అంది. "ఆ గదిలో సలి సంపేస్తంది." అప్పుడు గడప దాటింది. "ఎల్వీ వచ్చింది. తలుపెయ్యి."

తలుపు వేశాను. వంటింట్లోకెళ్ళి కుళాయి విప్పి నిలబడ్డాను. సిగ్గేసింది. ఆవిడకు బతకాలని ఉంది. మంచాన పడి, చేయి ఉబ్బి, పిక్కలు పట్టేసి, నేను చెప్పే సొల్లు కథలో బండ్లు లెక్కపెడుతూ ఉంది, ఎక్కడైనా ఒకటి తగ్గుతుందేమోనని. నేనేమో బండి దిగి చేతులు కడిగేసుకున్నాను.

శనివారం నుంచి కథ ఆవిడే చెప్పింది. పుస్తకం నా ఒళ్ళో మూసే ఉండేది. ఏడో బండిలో ఒక్క ముసలమ్మ ఉంటుందట. ముందు బండ్ల చక్రాల గుర్తులు చూసుకుంటూ వస్తుందట. "ముందరున్నోల్లకి కొండే కనిపిస్తాది," అనేది అక్క. "ఎనకాలున్నోల్లకి ఆల్లు రాలగొట్టుకున్నయన్నీ కనిపిస్తాయి." ఒకరి చేతి తొడుగు, ఒక పానా, పిల్లల బండిలోంచి జారిన చిన్న చెప్పు. ముసలమ్మ ప్రతిదానికీ ఆగి, దిగి, ఏరుకుని బండిలో వేసుకుంటుంది. అందుకే ఆలస్యం.

"ఎందుకు ఏరడం?" అన్నాను.

"ఊరు సేరినాక ఎవలిది ఆల్లకి ఇచ్చీడానికి. ఒంటి సెప్పుతో ఆ పిల్ల ఎలా నడుస్తాది?"

"ఎప్పటికి చేరుతుంది?"

"నీకేటంత తొందర. అక్కడ రోజు మన రోజు కన్నా నలభై నిమిషాలు ఎక్కువని నువ్వే సదివినావు కదా. ఏరుకోడానికి సరిపోద్ది."

నాలుగు నెలలు ఏరింది. సూది సరిగ్గా పడని రోజులు మళ్ళీ వచ్చాయి, పిక్కలు పట్టేసిన రోజులూ వచ్చాయి. రానని ఒక్కసారి కూడా అనలేదు. ఒక మంగళవారం నేను జ్వరంతో పడుకుంటే తనే సంచీ సర్దుకుని నన్ను లేపింది.

చలి తగ్గాక ఒక ఆదివారం పొద్దున, అక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. నేను సగం గ్లాసు టీ తెచ్చి బల్ల మీద పెట్టాను. తాగమన్నాను. ఇంకోసారి అన్నాను. డాక్టర్ వచ్చి గుండె ఆగిపోయిందన్నాడు. పక్కవాళ్ళు వచ్చారు, గంగ ఒడ్డుకు తీసుకెళ్ళాం, సాయంత్రానికి అయిపోయింది. వచ్చి స్నానం చేసి, గడియ పెట్టుకుని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

మంగళవారం ఆ వేళకు నా కాళ్ళు తయారైపోయాయి. సెంటర్‌కి ఫోన్ చేసి ఆ అమ్మాయికి చెప్పాను. "దాదా, శనివారం మాషీమా స్వెటర్ మంచం మీదే మరిచిపోయారు," అంది. వెళ్ళాను. గంగ కింద నుంచే వెళ్ళాను. కిటికీ పక్క మంచం మీద ఇంకెవరో పెద్దాయన పడుకుని ఉన్నాడు, ఆయన పక్కన నా పొట్టి కాలు కుర్చీలో ఆయన కూతురు. మిషన్ చూసే అమ్మాయి అక్క స్వెటర్ మడతపెట్టి ఒక కవర్లో ఇచ్చింది. ఇస్తూ, తలెత్తకుండా అడిగింది.

"చివరి బండి, దాదా?"

"ఇంకా దారిలో ఉంది," అన్నాను బెంగాలీలో.

కవరు చేత్తో పట్టుకుని లిలువాలో దిగాను. మెట్లెక్కాను. తాళం తీసి లోపలికి అడుగుపెట్టి, ఎప్పటిలాగే తలుపు వదిలేసి ఫ్యాన్ వెయ్యబోయి ఆగాను. వెనక్కి తిరిగి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. ముందుపోయిన మనిషి రాలగొట్టుకున్న స్వెటర్ నా చేతిలో ఉంది. మళ్ళీ గడప బయటికి వెళ్ళి నిలబడి, లోపలికి వచ్చాను.

"ఎల్వీ వచ్చింది," అన్నాను.

అడిగినవాళ్ళు లేరు. తలుపు వేసి, గడియ పెట్టి, ఆ స్వెటర్ ముఖానికి అదుముకుని ఏడ్చాను.